సారథి మాట - ఇంజనీరు చెవి

మన పురాణేతిహాసములలో సారథులకు గొప్ప పీట కలదు. కురుక్షేత్రమున శ్రీకృష్ణుడు అర్జునునితో పలికిన మాటలను, శల్యుడు కర్ణునితో పలికిన మాటలను మనవారు నేటికిని చెప్పుకొనుచునే యున్నారు. అశ్వహృదయము నెరిగిన బాహుకుని కథ వినని తెలుగువాడు అరుదు. అయితే, ఈ సారథులలో నొక్కరైనను రథమును చేసిన వడ్రంగి యొద్దకు పోయి, “అయ్యా, మలుపు తిరుగునప్పుడు కుడిచక్రము బరువు పట్టుచున్నది, ఇరుసు చూడుము” అని చెప్పినట్లు మేము వినియుండలేదు. చెప్పియే యుందురు, కవులు దానిని కావ్యవస్తువుగ నెంచకపోయిరి. మోటారు పందెముల చరిత్రలో మాత్రము సగము కథ ఆ సంభాషణములోనే యున్నది. సారథికిని బండి కట్టినవానికిని నడుమ నడచిన మాటలే కొన్ని బండ్లను గెలిపించినవి. ఆ మాటలను సంపాదించుటకై కొందరు ప్రాణములనే యొడ్డిరి.

చిక్కు ఎచ్చట నున్నదనగా, లెక్క తెలిసినవా డొకడు, అనుభవించువాడు మరియొకడు. ఇంజనీరు గోడ కీవల గడియారము పట్టుకొని నిలుచును. బండి యొక చుట్టు తిరిగి వచ్చుటకు ఎన్ని సెకనులు పట్టెనో ఆతనికి తెలియును గాని, ఆ సెకనులు ఎచ్చట పోయెనో తెలియదు. సారథికి అది తెలియును. కాని ఆతనికి తెలిసినది మాటల రూపమున లేదు. చేతులలోని చక్రము బరువెక్కుట, వీపున కానుకొన్న పీఠము పక్కకు జరిగినట్లుండుట, చెవిలో యంత్రపు శ్రుతి మారుట - ఇవియే ఆతని యెరుక. వానిని మాటలలో పెట్టి, కాలు దించినంతనే, మరచిపోకముందే, ఇంకొకని చేతిలో పెట్టవలయును. మా రేడియో వృత్తిలోను ఇట్టి కష్టమే కలదు. “నా గొంతు బాగుగ వినబడుట లేదు” అని ప్రయోక్త చెప్పినచో స్టూడియో ఇంజనీరు చేయగలిగిన దేమియు లేదు. “స, ష వచ్చిన చోట నెల్ల ఈల వేసినట్లున్నది” అన్నచో ఆతడు లేచి మైకును కొంచెము ప్రక్కకు త్రిప్పును. పని అయిపోవును.

ఈ చిక్కును అందరికంటె సూటిగ విడదీసినవాడు జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ సంస్థలోని రుడోల్ఫ్ ఉలెన్‌హౌట్. ఆతడు 1906లో లండనులో పుట్టెను. తండ్రి జర్మనుడు, తల్లి ఆంగ్లేయురాలు. 1936లో మెర్సిడెస్ వారి పందెపు బండ్లకు దుర్దశ పట్టినది. ఆటో యూనియన్ వారి బండిపై బెర్న్ట్ రోజెమాయర్ ఆ యేటి యూరపు విజేతయై నిలువగా, మెర్సిడెస్ వారు ఋతువు ముగియకమునుపే పోటీలనుండి తప్పుకొనిరి. సారథులలో కారచ్చియోలా వంటి మహామహులుండిరి. వారు బండి బాగులేదనిరి. కాని ఆ ఫిర్యాదునుండి ఏ మరను ఎట్లు మార్చవలయునో తేల్చుకొనుట కుర్చీలలో కూర్చున్న ఇంజనీర్లకు సాధ్యము కాకపోయెను. అప్పుడు సంస్థవారు క్రొత్తగ నొక పందెముల శాఖను ఏర్పరచి, ముప్పది యేండ్ల ఉలెన్‌హౌట్‌ను దానికి సాంకేతికాధిపతిగ చేసిరి. అంతవరకు ఆతడు సామాన్యులు కొనెడు కార్లను పరీక్షించువాడు. పందెపు బండిని నడిపి యెరుగడు.

ఆతడు చేసిన పని యిది. బండ్లను నూర్బుర్గ్‌రింగ్ అను కొండదారి వలయమునకు తీసికొనిపోయి, తానే యెక్కి తోలెను. ఆ వలయము ఒక చుట్టు సుమారు 23 కిలోమీటర్లు. అడవిలో మెలికలు తిరుగుచు, ఎక్కుచు దిగుచు పోవును. దినములకొలది అట్లు తిరుగగా ఆతనికి రెండు సంగతులు ఒంటికి తెలిసినవి. బండి చట్రము బిగువు చాలక, బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు వంగుచున్నది. స్ప్రింగులో, కట్టెవలె బిఱుసుగ నున్నవి. అనగా వంగవలసినవి వంగుట లేదు, వంగరానిది వంగుచున్నది! పందెపు బండికి స్ప్రింగులు ఎంత గట్టిగ నున్న నంత మంచిదని ఆ కాలపు నమ్మకము. ఉలెన్‌హౌట్ దానిని తలక్రిందులు చేసి, చట్రమును అండాకారపు గొట్టములతో దృఢముగ కట్టించి, స్ప్రింగులను మెత్తగ, పొడవుగ సాగునట్లు అమర్చెను. అట్లు పుట్టినదే డబ్ల్యు 125 అను బండి. 1937 మే నెలలో ట్రిపోలీలో తొలి పందెముననే హెర్మన్ లాంగ్ దానిపై గెలిచెను. ఆ యేడు కారచ్చియోలా యూరపు విజేత యయ్యెను. ఇంజనీరు, సారథి ఒకే చర్మములో నున్నచో సంభాషణ యెంత సులభమో చూడుడు! కాని ఉలెన్‌హౌట్‌లు లోకమున ఎందరు పుట్టుదురు? తక్కినవారికి మాటలే శరణ్యము.

ఆ మాటలును ఆ కాలముననే తయారగుచుండెను. రోల్స్ రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికా దేశపు కాడిలాక్ సంస్థలో చేరిన మారిస్ ఓలీ అను ఆంగ్ల ఇంజనీరు కారు నడకను శాస్త్రముగ పరిశీలించినవారిలో ఆద్యుడు. “అండర్‌స్టీరు”, “ఓవర్‌స్టీరు” అను రెండు మాటలను లోకమునకు అలవాటు చేసిన ఘనత ఆతనిదని చెప్పుదురు. చక్రము త్రిప్పినంత మేర బండి తిరుగక, ముక్కు బయటకు పోవుట మొదటిది. త్రిప్పినదానికంటె ఎక్కువ తిరిగి, తోక విసరుట రెండవది. అమెరికా దేశపు స్టాక్ కార్ పందెగాండ్రకు ఈ పుస్తకపు మాటలు రుచింపలేదు. వారు మొదటిదానిని “నెట్టుచున్నది” అనియు, రెండవదానిని “వదులుగ నున్నది” అనియు అందురు. మాకు వారి మాటలే మెచ్చుగ నున్నవి. మన పల్లెలో బండివాడు “ఎద్దు ఎగదీయుచున్నది” అన్నట్లే అవియు ఒంటికి తోచిన మాటలు. పేరు ఏదైన నేమి, ఒకే జబ్బునకు ఇరువురును ఒకే పేరు వాడుటయే కావలసినది.

అయినను, పేరు చెప్పుటతో పని తీరదు. “ముక్కు పోవుచున్నది” అని సారథి యన్నచో మంచి ఇంజనీరు వెంటనే “ఎచ్చట?” అని యడుగును. ఏలనన, మనము మలుపు అని యొక్క మాటలో చెప్పునది మూడు పనుల కూడిక. బ్రేకు వేసి లోనికి దిగుట మొదటిది; నడుమ నిలకడగ తిరుగుట రెండవది; వేగము పెంచుచు వెలువడుట మూడవది. దిగునప్పుడు ముక్కు జారినచో ముందు వెనుక చక్రములకు బ్రేకు పంపకమునో, ఊపు నణచు డాంపర్లనో అనుమానింపవలయును. నడుమ జారినచో స్ప్రింగులను, బండి ఒరగకుండ పట్టెడు కడ్డీని చూడవలయును. వెలువడునప్పుడు జారినచో వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పొత్తుపై చూపు పోవును. అంతటితోను కాదు, నెమ్మది మలుపులోనా, వేగపు మలుపులోనా అనునది మరియొక ప్రశ్న. రెక్కలు గల బండిని గాలి క్రిందికి నొక్కును. వేగము రెండింతలైనచో ఆ నొక్కుడు నాలుగింత లగును. కావున వేగపు మలుపులలో మాత్రమే జబ్బు కనబడినచో దోషము రెక్కలదై యుండవచ్చును. నెమ్మది మలుపులలోను ఉన్నచో రెక్కలను ముట్టి లాభము లేదు. సారథి మాటలో ఈ “ఎచ్చట” లేకపోయినచో ఇంజనీరు చీకటిలో రాయి విసరినట్లే.

ఇట మరియొక తప్పుదారి కలదు. రోగి వైద్యునితో “నొప్పి యిచ్చట, తిన్న తరువాత వచ్చును” అని చెప్పక, “నాకు పైత్యము చేసినది, ఫలానా చూర్ణ మిమ్ము” అని చెప్పినట్లు, కొందరు సారథులు “ముందు స్ప్రింగు మార్చుడు” అని మందునే చెప్పివేయుదురు. మందు సరిపడవచ్చును, సరిపడకపోవచ్చును. నొప్పి యెచ్చటనో మాత్రము ఎవరికిని తెలియకుండపోవును. సారథి నొప్పిని నమ్మవలయును, ఆతడు చెప్పిన మందును శంకింపవలయును - మా చూపులో ఇంజనీరు వివేకమంతయు ఇదియే.

అతిశయమైన నేర్పు కూడ నొక్కొకప్పుడు అడ్డు వచ్చును. స్కాట్లండు రైతుబిడ్డ జిమ్ క్లార్క్‌ను మించిన సారథి లేడని యిప్పటికిని వాదించువారు కలరు. 1963లోను 1965లోను ప్రపంచ విజేతయై, 25 గ్రాండ్ ప్రీలు గెలిచిన ఆతనికి బండిలో లోపమున్నను, చేతులు తామంతట తామే దానిని సర్దుకొనెడివి. కావున ఆతడు లోపమును చెప్పుట అటుంచి, గమనించుటయే అరుదు. లోటస్ సంస్థాధిపతి కోలిన్ చాప్‌మన్ ఆతని ముక్తసరి మాటలనుండి అర్థమును పిండుకొనవలసి వచ్చెడిది. గ్రహాం హిల్ దీనికి పూర్తిగ విరుద్ధము. ఆతడు పుస్తకము దగ్గర పెట్టుకొని ప్రతి మార్పును వ్రాసికొనును; ఈ కడ్డీ మార్చుడు, ఆ స్ప్రింగు మార్చుడని మెకానిక్కులను విసిగించును. 1967లో ఈ యిరువురును ఒకే జట్టులో నుండగా లోటస్ 49 అను క్రొత్త బండి తయారయ్యెను. పన్ను చిక్కులవలన క్లార్క్ ఆనాడు ఇంగ్లండులో అడుగిడుటకు వీలులేకపోగా, బండిని తోలి పరీక్షించిన శ్రమ అంతయు హిల్‌దే. జూన్ నెలలో హాలండులోని జాండ్‌వోర్ట్‌లో క్లార్క్ ఆ బండిని మొట్టమొదటిసారిగ ఎక్కెను, పందెము గెలిచెను. అందరికంటె ముందు స్థానమునుండి బయలుదేరిన హిల్ బండి దారిలో ఆగిపోయెను. చరిత్ర గెలిచినవాని పేరే వ్రాసికొన్నది. కాని క్లార్క్ చేతికి వచ్చిన బండి, హిల్ విసిగించి, వ్రాసికొని, చెప్పి చెప్పి నడక నేర్పిన బండి యని మనము మరువరాదు.

తాను చూచినదానికి కారణము వెదకు గుణము న్యూజీలండువాడైన బ్రూస్ మెక్‌లారెన్‌కు పుట్టుకతో వచ్చినది. ఆతడు ఇంజనీరింగు చదువు నడుమ విడిచి పందెములకు వచ్చినవాడు. తరువాత తన పేరిటనే జట్టు నెలకొల్పెను. ఒకనాడు తన బండిని పరీక్షించుచుండగా పెట్రోలు పోయు మూత తపతప కొట్టుకొనుట చూచెను. మూత సరిగ బిగింపనందుకు మొదట ఆతనికి కోపము వచ్చినది. కాని వేగము పెరిగినకొలది మూత మరింత లేచుచున్నది! పైనుండి గాలి నొక్కవలసినది గదా, ఇదేమి? క్రిందనున్న గాలి పైగాలికంటె ఎక్కువ ఒత్తిడితో నుండవలయునని ఆతడు తోలుచునే ఊహించెను. ఆగి, కత్తెర తీసికొని, రేడియేటరునకు వెనుకనున్న రేకును కత్తిరించి, లోపలి గాలి వెలుపలికి పోవుటకు దారి చేసెను. బండి వెంటనే వేగము పుంజుకొన్నది. కోపపడి మూత మూయించి యూరకున్నచో ఆ సంగతి తెలిసియుండదు. 1970 జూన్ 2వ తేదీన ఇంగ్లండులోని గుడ్‌వుడ్ వలయముపై అట్టి పరీక్షలోనే వెనుక కప్పు ఊడిపోయి, బండి అదుపు తప్పి, ఆతడు మరణించెను. అప్పటికి ఆతని వయస్సు 32 ఏండ్లు.

ఈ విద్యను పద్ధతిగ మలచిన కీర్తి మాత్రము అమెరికావాడైన మార్క్ డోనహ్యూదే. ఆతడు 1959లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున మెకానికల్ ఇంజనీరింగు పట్టము పొందెను. రోజర్ పెన్స్కీ జట్టులో చేరిన పిదప ఆతడు పాటించిన నియమములు రెండు. మొదటిది: ఒకసారికి ఒక్కటియే మార్చవలయును. రెండు మార్చి బండి బాగుపడినచో, దేనివలన బాగుపడెనో బ్రహ్మకైనను తెలియదు. రెండవది: మార్చి చూచిన పిదప మరల పాత యమరికకు వచ్చి మరియొకసారి చూడవలయును. ఎండ యెక్కినకొలది దారి మారును; టైర్ల రబ్బరు అంటినకొలది పట్టు పెరుగును; సారథియే దారికి అలవాటు పడి వేగము పెంచును. ఇవన్నియు క్రొత్త మరకు అబద్ధపు కీర్తి తెచ్చి పెట్టును. ఆతడు బండిని గుండ్రని గీతవెంట గంటలకొలది త్రిప్పి, కడ్డీలను కొంచెము కొంచెముగ మార్చుచు, పట్టు ఎంత హెచ్చెనో కొలిచి వ్రాసికొనెడివాడు. చూచువారికి గానుగెద్దు జ్ఞాపకము వచ్చియుండును.

1971 చివర పోర్షె సంస్థవారు 917/10 అను బండికి టర్బో యంత్రమును అమర్చుచు డోనహ్యూను జర్మనీలోని వైస్సాఖ్ పరీక్షాస్థలమునకు పిలిపించిరి. బండి యెక్కగా ఆతనికి తోచిన దేమనగా, యంత్రము దీపపు స్విచ్చువలె నున్నది. త్రొక్కినచో మొదట నేమియు లేదు, పిదప ఒక్కసారిగ అంతయు వచ్చి పడును. మలుపు నడుమ అట్టి బలము వచ్చినచో బండి యెటు పోవునో! ఇంజనీర్లు ఆశ్చర్యపడిరి. కొలబల్లపై యంత్రము చక్కగ నడచుచున్నది. అంకెలు దివ్యముగ నున్నవి. ఈ యమెరికను తోలుట నేర్వలేదని తలచియుండిన వారిని తప్పుపట్టలేము. కాని డోనహ్యూ ఇంజనీరు. ఆతడు యంత్రమును నిందింపక, మీరు బల్లపై దానిని ఎట్టి స్థితిలో కొలుచుచున్నారని యడిగెను. వారు కొలిచినది నిండుగ త్రొక్కినప్పటి బలము. సారథి మలుపులో పాదము సగము, పావు మాత్రమే త్రొక్కును. ఆ నడిమి స్థితులలో ఇంధనము ఎంత పడుచున్నదో చక్కగ చూడబడలేదు. మరల బల్ల కెక్కించి ఆ స్థితులను సరిచేసినప్పుడు గాని యంత్రము మనిషి చెప్పినట్లు వినలేదు. అంకెలును అబద్ధము కావు, సారథి ఒళ్లును అబద్ధము కాదు. రెండును వేరు వేరు ప్రశ్నలకు జవాబులు.

1972 జూలైలో రోడ్ అట్లాంటా వలయముపై ఆ బండినే పరీక్షించుచుండగా వెనుక కప్పు ఎగిరిపోయి డోనహ్యూ మోకాలు చితికెను. ఆతడు మంచము పట్టగా జార్జ్ ఫాల్మర్ ఆ బండిపై కెన్-యామ్ విజేత యయ్యెను. మరుసటి యేడు, 917/30 పై, డోనహ్యూ 8 పందెములలో 6 గెలిచెను. ఆ బండి బలము పందెములలో సుమారు 1,100 అశ్వశక్తి. 1975 ఆగస్టులో ఆస్ట్రియా గ్రాండ్ ప్రీ అభ్యాసమున టైరు పగిలి, బండి కంచె దాటిపోయెను. రెండు దినముల పిదప, ఆగస్టు 19న, గ్రాజ్ నగరమున ఆతడు కన్నుమూసెను.

నిజము చెప్పుటకు నేర్పు మాత్రమే చాలదు, గుండెయు కావలయును. ఇటలీలో ఎన్జో ఫెర్రారి యెదుట ఆయన బండిని తెగడుటకు ఎవరికి నోరు వచ్చును? 24 ఏండ్ల ఆస్ట్రియావాడు నికీ లౌడా క్రొత్తగ జట్టులో చేరి, సంస్థవారి సొంత వలయమగు ఫియొరానోలో బండి తోలి వచ్చి, ఇది పనికిరాదని మొగము మీద చెప్పెను. దుబాసిగ నున్న ఫెర్రారి కుమారుడు పియెరో, అట్లు చెప్పరాదని అడ్డుకొనెనట. అంతట లౌడా మాట మార్చెను, కాని తగ్గింపలేదు. బండి ముక్కు బయటకు పోవుచున్నదని, ముందరి అమరికలో లోపమని చెప్పెను. ఈ రెండు వాక్యములలో మొదటిది అవమానము, రెండవది సమాచారము. ఎన్జో గడువు పెట్టి, ఆ లోపము సరిచేయించి కాలము తగ్గించి చూపుమనెను. ఇంజనీరు మౌరో ఫోర్ఘియెరీ ముందరి భాగమును మార్చెను, కాలము తగ్గినది. ఆ పిదప లౌడా దినము వెంట దినము ఫియొరానోలో తిరిగెను. 1974లో రెండు గ్రాండ్ ప్రీలు, 1975లో ప్రపంచ విజయము వారికి దక్కెను.

1980లనుండి బండ్లలో కొలత పరికరములు నిండసాగినవి. ఇప్పటి ఫార్ములా వన్ బండిలో సుమారు 300 సెన్సర్లుండును. పాదము ఎంత త్రొక్కెను, చక్రము ఎంత తిరిగెను, టైరు ఎంత వేడెక్కెను అనునవన్నియు క్షణక్షణము గాలిలో ఎగిరి జట్టువారి తెరలపై వ్రాలును. ఇక సారథి మాట యేల యని తోచవచ్చును. 1989లో హోండా సంస్థవారు ఎన్ఎస్ఎక్స్ అను వీథికారును సిద్ధము చేయుచు, తమ యంత్రములతో పందెములు గెలుచుచున్న బ్రెజిలువాడు ఐర్టన్ సెన్నాకు సుజుకాలో దానిని చూపిరి. వీథికార్ల సంగతి తనకు అంతగ తెలియదని ముందే చెప్పి, తోలి చూచి, ఇది కొంచెము పెళుసుగ తోచుచున్నదనెను. అంతే. ఏ పరికరమునందును పెళుసునకు ముల్లు లేదు. కాని హోండావారు ఆ మాటను త్రోసివేయక, జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌కే బండిని తీసికొనిపోయి పరీక్షించి, చట్రపు బిగువును 50 శాతము హెచ్చించిరి. అర్ధశతాబ్దము క్రిందట అదే వలయమున ఉలెన్‌హౌట్ ఒంటికి తెలిసిన జబ్బే యిది.

2009నుండి ఫార్ములా వన్‌లో ఋతువు నడుమ పరీక్షలకు నిర్బంధము వచ్చుటచే, జట్లవారు చాలవరకు సిమ్యులేటర్ అను బొమ్మబండిలో సారథిని కూర్చుండబెట్టి పని నడపుచున్నారు. పందెపు దినమున మాటలన్నియు రేడియోలోనే. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు దరిని ఫార్ములా ఇ విద్యుత్కార్లు పరుగిడినప్పుడు, గోడ కీవల చెవులకు గొట్టములు తగిలించుకొని వంగి కూర్చున్నవారు ఆ యింజనీర్లే. ఆ బండ్లలో పెట్రోలు యంత్రపు శ్రుతి లేదు; సారథి చెవికి ఆ యాధారము పోయినది, చేతులు, వీపు మిగిలినవి. బండి ఆగిన పిదప కొందరు ఇంజనీర్లు పాటించు పద్ధతి యొకటి కలదు. తెరపై గీతలన్నియు సిద్ధముగ నున్నను వానిని సారథికి వెంటనే చూపరు. గీతను చూచినవాడు గీతలో నున్నదే చెప్పును గాని తనకు తోచినది చెప్పడు. కావున మొదట ఆతనికి దాహమునకిచ్చి, వలయపు పటమును ముందు పెట్టి, మొదటి మలుపునుండి చెప్పు మందురు.